మెంఫిస్‌లో ఓ పాత మైకు!

ఓ చిన్న గది. గోడలకు చిల్లుల పలకలు. మధ్యలో స్టాండు మీద ఓ పాత మైకు. దాని పక్కన నిలబడి ఫొటో దిగడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. మైక్‌సెట్ అద్దెకిచ్చే ఇంట్లో పుట్టిపెరిగిన నేను అంత దగ్గరికి వెళ్లి చూడకుండా వస్తానా!

మా అమ్మాయి వాళ్లుండేది అమెరికాలోని నాష్‌విల్‌లో. వెళ్లిన రెండు నెలలకే చూడాల్సినవన్నీ చూసేశాం. తిరుగు ప్రయాణానికి ఇంకా మూడు వారాలుందనగా ‘ఎల్విస్ ప్రెస్లీ ఊరు మెంఫిస్ ఇక్కడికి మూడు గంటలే మామయ్యా, శనివారం వెళ్లొద్దాం’ అన్నాడు అల్లుడు. మావారు కాలేజీ రోజుల్లో ఎల్విస్‌లా జుట్టు దువ్వుకున్నారట. ఇప్పుడు దువ్వుకోవడానికి జుట్టు లేదు కానీ ఉత్సాహం మాత్రం అలాగే ఉంది. నాకు ఆ పాటలు తెలియవు. ఏదో ఓ ఊరు చూసినట్టుంటుంది కదా అని బయల్దేరాను.

ఐ-40 రహదారి మీద సుమారు 340 కిలోమీటర్ల ప్రయాణం. అక్టోబరు నెల. మెంఫిస్ దగ్గరపడేకొద్దీ రోడ్డుకు అటూ ఇటూ తెల్లగా విచ్చుకున్న పత్తిచేలు. గుంటూరు జిల్లా మనిషిని కదా, ప్రాణం లేచొచ్చింది. మిసిసిపీ నది ఒడ్డునున్న మెంఫిస్ ఒకప్పుడు పత్తి వ్యాపారానికి పెట్టింది పేరు. ఆ చేలల్లో పనిచేసిన నల్లజాతి కూలీల పాటలే బ్లూస్ సంగీతానికి ప్రాణం పోశాయని దారిలో అల్లుడు చెప్పుకొచ్చాడు. నాట్ల పాటలు, కలుపు పాటలు విని పెరిగినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

పెళ్లయినా... చావయినా!

మెంఫిస్‌లో యూనియన్ అవెన్యూ అనే వీధి ఉంది. అందులో 706 నంబరు భవనమే సన్ స్టూడియో. గుమ్మం పైన పెద్ద గిటారు బొమ్మ వేలాడుతూ ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలికే. అది లేకపోతే మాత్రం మన తెనాలి బజారులో పాత కొట్టు అనుకుని దాటిపోతాం. అంత చిన్నది! పక్కనే ఉన్న కాఫీ కొట్టులోనే టికెట్లు ఇస్తారు. ముందు మేడ మీద పాత రికార్డులు, యంత్రాలు ఉన్న గది చూపించి, ఆ తర్వాత కిందికి, అసలు స్టూడియోలోకి తీసుకెళతారు.

దీన్ని పెట్టినాయన సామ్ ఫిలిప్స్. పక్క రాష్ట్రం అలబామా నుంచి వచ్చి మెంఫిస్‌లో రేడియోలో పనిచేసేవాడు. 1950 జనవరిలో ఇక్కడ ‘మెంఫిస్ రికార్డింగ్ సర్వీస్’ తెరిచాడు. ఎవరు, ఎక్కడికి, ఎప్పుడు పిలిచినా వచ్చి రికార్డు చేస్తామన్నది ఆయన ప్రచారం. పెళ్లిళ్లకీ, ఆఖరికి అంత్యక్రియలకీ కూడా యంత్రాలు మోసుకెళ్లేవాడట. గైడు ఆ మాట చెప్పగానే నాకు చప్పున మా నాన్న గుర్తొచ్చారు.

నాన్నకు తెనాలి దగ్గర మా ఊళ్లో మైక్‌సెట్టు ఉండేది. రెండు బాకాలు, ఓ ఆంప్లిఫయరు, బ్యాటరీ, గ్రామఫోను, ఇనుప జాలీ ఉన్న ఓ పాత మైకు. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, హరికథలు, నాటకాలు, ఎన్నికలు... ఆ చుట్టుపక్కల ఏం జరిగినా సైకిలుకు బాకా కట్టుకుని వెళ్లాల్సిందే. ఎవరైనా పోతే, ఊరేగింపులో భజన పాటలకూ ఆ మైకే.

చిరిగిన స్పీకరు... కొత్త పాట!

స్టూడియో గది అటూ ఇటూగా 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. గోడలకూ పైకప్పుకూ ఉన్న తెల్లటి చిల్లుల పలకలు శబ్దం ప్రతిధ్వనించకుండా సామ్ ఫిలిప్స్ బిగించినవే. చివర అద్దం కిటికీ, దాని వెనక ఆయన కూర్చునే చిన్న గది.

నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల మీద కూర్చుని కాఫీ తాగడానికి వీల్లేని రోజులవి. బళ్లూ వేరే, బస్సులో సీట్లూ వేరే. అలాంటి ఊళ్లో సామ్ ఫిలిప్స్ మొదటి నుంచీ నల్లజాతి గాయకులకు తలుపు తెరిచి ఉంచాడు. బి.బి.కింగ్, హౌలిన్ వుల్ఫ్ లాంటి మహామహులు తొలినాళ్లలో పాడింది ఇక్కడే. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం వచ్చింది. దారిలో వాళ్ల గిటారు ఆంప్లిఫయరు పాడైంది. లోపలి స్పీకరు చిరిగిపోయిందట. మరొకరైతే వెనక్కి పంపేసేవారు. ఈయన చిరిగినచోట కాగితాలు కుక్కి, ఆ గరగర శబ్దంతోనే పాట రికార్డు చేశాడు. అదే ‘రాకెట్ 88’. రాక్ అండ్ రోల్‌లో మొట్టమొదటి పాట అదేనంటారు చాలామంది.

1953 జూన్‌లో అయితే నాష్‌విల్ జైలు నుంచి అయిదుగురు ఖైదీలను కాపలా మధ్య తీసుకొచ్చి పాడించారు. ‘ప్రిజనేర్స్’ అన్నది ఆ బృందం పేరు. తుపాకీ పట్టుకున్న గార్డులు బయట, వాన మీద పాట పాడుతున్న ఖైదీలు లోపల... ఊహించుకుంటేనే ఎలాగో అనిపించింది.

నాలుగు డాలర్ల గొంతు

అదే ఏడాది వేసవిలో పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు ఈ గుమ్మం ఎక్కాడు. అప్పుడే హైస్కూలు చదువు ముగించాడు. సుమారు నాలుగు డాలర్లు కడితే ఎవరైనా తమ గొంతును డిస్కు మీద అచ్చొత్తించుకుని పట్టుకుపోవచ్చు. అమ్మకు బహుమతిగా ఇవ్వడానికి అన్నాడట. ఆఫీసులో ఉన్న మేరియన్ కీస్కర్ ‘ఎవరిలా పాడతావు?’ అని అడిగితే, ఎవరిలానూ పాడనని జవాబు. ఆ కుర్రాడే ఎల్విస్ ప్రెస్లీ. అమ్మ కోసమే అన్న మాట ఎంతవరకు నిజమో కానీ, తన గొంతు ఎలా ఉంటుందో వినాలన్న ఆశ మాత్రం నిజమేననిపిస్తుంది. అప్పుడు వాళ్లింట్లో ఆ డిస్కు వేసుకుని వినడానికి గ్రామఫోనైనా లేదు! స్నేహితుడి ఇంటికి తీసుకెళ్లి విని, అక్కడే వదిలేశాడు. 2015లో దాన్ని వేలం వేస్తే జాక్ వైట్ అనే గాయకుడు 3 లక్షల డాలర్లకు కొనుక్కున్నాడు.

ఏడాది తర్వాత సామ్ ఫిలిప్స్ అతణ్ని పిలిపించాడు. 1954 జులై 5 రాత్రి. గిటారిస్టు స్కాటీ మూర్, బేస్ వాయించే బిల్ బ్లాక్... ముగ్గురూ మెల్లటి పాటలు ఎన్ని పాడినా ఏదీ కుదరడంలేదు. విరామంలో ఎల్విస్ ఓ పాత బ్లూస్ పాటను అల్లరిగా ఎత్తుకున్నాడు. మిగిలిన ఇద్దరూ కలిశారు. అద్దం వెనక నుంచి సామ్ ఫిలిప్స్ తల బయటపెట్టి, ‘మళ్లీ మొదటి నుంచి పాడండి’ అన్నాడు. అలా పుట్టింది ‘దట్స్ ఆల్ రైట్’. కొద్దిరోజులకే స్థానిక రేడియోలో మోగిపోయింది. ఆ రాత్రే ఎల్విస్‌ను రేడియోకు పిలిపించి, ఏ హైస్కూల్లో చదివావని అడిగారు. ఎందుకో తెలుసా? స్కూలు పేరు చెబితే చాలు, పాడింది నల్లవాడో తెల్లవాడో వినేవాళ్లకు తెలిసిపోతుంది. గొంతు విని ఎవరూ పోల్చుకోలేకపోయారు మరి!

జానీ క్యాష్, కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ లూయిస్... అందరూ ఇక్కడినుంచి ఎదిగినవాళ్లే. 1956 డిసెంబరు 4న ఆ ముగ్గురూ ఎల్విస్‌తో కలిసి పియానో చుట్టూ చేరిన ఫొటో గోడ మీద ఉంది. జానీ క్యాష్ బృందంలో డ్రమ్ములు లేకపోతే గిటారు తీగల మధ్య కాగితం దోపి ఆ ‘చిక్ చిక్’ శబ్దం రాబట్టేవాడు. గైడు మాకు చేసి చూపించింది కూడా. డబ్బు లేనిచోట తెలివి పనిచేస్తుందన్నమాట.

కీచుమనని మైకు

ఇక మైకు సంగతి. ఎల్విస్ నిలబడిన చోటని నేల మీద ఓ గుర్తు పెట్టారు. అక్కడే ఉందది. ఆనాటి గాయకులు పాడిన మైకని స్టూడియోవాళ్లు చెబుతారు. సామ్ ఫిలిప్స్ దాన్ని ఇచ్చేటప్పుడు, అద్దాల పెట్టెలో పెట్టకూడదు, వచ్చినవాళ్లు ముట్టుకోనివ్వాలి అన్నాడట.

చూడగానే గుర్తుపట్టేస్తాం. పాత కారు ముందుభాగంలో ఉండే జాలీలా నిలువు గీతలతో, గుండ్రటి తలతో మెరిసిపోతుంటుంది. 1993లో అమెరికా తపాలా శాఖ వేసిన ఎల్విస్ స్టాంపు మీద అతని ముందున్నదీ ఇలాంటి మైకే. పేరు షూర్ 55 యూనిడైన్. షికాగోలోని షూర్ కంపెనీలో బెంజమిన్ బావర్ అనే యువ ఇంజినీరు రూపొందిస్తే 1939లో బజారులోకి వచ్చింది. 

ఇది డైనమిక్ మైకు. లోపల పలుచటి పొర, దానికి అతికించిన సన్నటి తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం... అంతే. మన మాటకు పొర కదులుతుంది, దాంతోపాటు అయస్కాంతం మధ్య తీగచుట్టా కదిలి కరెంటు పుడుతుంది. స్పీకరు చేసే పనికి సరిగ్గా తిరకాసు పని. బ్యాటరీ అక్కర్లేదు, గట్టిగా అరిచినా తట్టుకుంటుంది, ఒకటి రెండుసార్లు కిందపడినా బతుకుతుంది.

అయితే అప్పటి మైకులు చాలావరకు ముందు మాటనీ, వెనక గోలనీ ఒకేలా పట్టుకునేవి. బాకాలోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరితే చెవులు చిల్లులు పడేలా కూత! ముందువైపు శబ్దమే వినిపించాలంటే రెండు రకాల మైకులను ఒకే డబ్బాలో బిగించాల్సి వచ్చేది. బరువూ ఎక్కువే, ఖరీదూ ఎక్కువే. బావర్ ఒక్క పొరతోనే ఆ పని చేయించాడు. వెనక నుంచి వచ్చే శబ్దం పొరకు రెండువైపులా ఒకేసారి తగిలేలా లోపల దారులు పెట్టాడు. రెండువైపులా సమానంగా నెడితే పొర కదలదు. వెనక గోల అక్కడికక్కడే మాయం! నేటికీ సభల్లో, కచేరీల్లో చేతిలో పట్టుకునే మైకుల్లో చాలావాటికి మూలం ఈ సూత్రమే. 2014లో ప్రపంచ ఇంజినీర్ల సంఘం ఐట్రిపులీ దీన్ని మైలురాయిగా గుర్తించింది.

ఇదంతా వింటుంటే నాకు చిన్నప్పటి చిక్కుముడి ఒకటి విడిపోయింది. పందిట్లో నాన్న ‘బాకాలు మైకు వెనకవైపుకి కట్టండ్రా’ అని ఎందుకు కేకలేసేవారో యాభై ఏళ్ల తర్వాత, ఏడు సముద్రాలు దాటి వచ్చాక అర్థమైంది.

ఆ నాలుగు మాటలే!

ఫొటోలకు వరస కట్టారు. మావారు మైకు పట్టుకుని కాలు వంచి నిలబడితే గదంతా చప్పట్లు. నా వంతు వచ్చింది. చల్లగా, బరువుగా ఉంది. ‘అమ్మమ్మా, మీ నాన్న దగ్గరా ఇలాంటిదే ఉందన్నావుగా. ఆయన దాంట్లో ఏం పాడేవారు?’ అడిగాడు పదేళ్ల మనవడు.

ఏం పాడేవారు? ఏమీ పాడలేదు. ‘హలో... మైక్ టెస్టింగ్... వన్... టూ... త్రీ...’ అనేవారు. ఓసారి ‘ఉఫ్’మని ఊది, మైకు పక్కవాళ్లకు ఇచ్చేసి వెళ్లి ఆంప్లిఫయరు దగ్గర కూర్చునేవారు. దాసుగారి హరికథ, నాయకుల ఉపన్యాసాలు, పెళ్లిలో మంత్రాలు... అందరి గొంతూ ఊరంతా వినిపించిన మనిషి నలభై ఏళ్లలో తాను మాట్లాడింది ఆ నాలుగు మాటలే.

‘ఆ టెస్టింగ్ రికార్డు ఉందా? వినిపించవా?’ అన్నాడు వాడు. లేదు. తర్వాతి రోజుల్లో ఇంట్లో టేప్‌రికార్డరు ఉంది, ఖాళీ క్యాసెట్లూ ఉన్నాయి. వాటిలో సినిమా పాటలు నింపుకున్నాం కానీ, నాన్న గొంతు ఒక్క నిమిషమైనా పట్టి ఉంచాలని ఎవరికీ తోచలేదు. ఆయన పోయి ఇరవై రెండేళ్లు. ముఖం ఫొటోలో ఉంది. గొంతు మాత్రం నాకు గుర్తున్నంత మేరకే ఉంది. అదీ ఏటేటా పలుచబడుతోంది.

‘ఏదైనా మాట్లాడమ్మా’ అంది అమ్మాయి. నోరు పెగల్లేదు. ఫొటో దిగి పక్కకు వచ్చేశాను.

ఆ సాయంత్రం మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 4న తూటాకు బలైన లొరెయిన్ మోటల్‌కు వెళ్లాం. ఇప్పుడది పౌరహక్కుల మ్యూజియం. ముందురోజు రాత్రి ఇదే ఊళ్లో ఆయన చేసిన ఆఖరి ప్రసంగం గురించి అల్లుడు మనవడికి చెబుతున్నాడు. మనిషిని చంపగలిగారు కానీ, ఆ గొంతు రికార్డై ఉంది, ఇప్పటికీ వింటున్నాం. నది ఒడ్డున కాసేపు కూర్చుని, రాత్రి హోటల్లో బస చేశాం. మర్నాడు ఎల్విస్ నివాసం గ్రేస్‌ల్యాండ్ కూడా చూశాం. ఆ వైభవం గురించి మావారిని అడిగితే ఓ పుస్తకమే చెబుతారు. నా మనసు మాత్రం ఆ చిన్న గదిలోనే ఉండిపోయింది.

సామ్ ఫిలిప్స్ 1960లో వేరే పెద్ద స్టూడియోకు మారిపోయాడు. ఈ గది ఆ తర్వాత వేరే వ్యాపారాల చేతుల్లో పడింది, కొన్నాళ్లు ఖాళీగానూ ఉంది. 1987లో మళ్లీ స్టూడియోగా తెరిచారు. 2003లో జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. అదే ఏడాది సామ్ ఫిలిప్స్ కన్నుమూశాడు. పగలు సందర్శకులు వెళ్లాక, సాయంత్రాల్లో ఆ గదిలో కొత్త గాయకులు రికార్డింగులు చేసుకుంటూ ఉంటారట.

నాష్‌విల్ చేరాక, మనకు తెల్లవారే వేళ చూసుకుని తెనాలిలో మా తమ్ముడి దగ్గరున్న అమ్మకు ఫోన్ చేశాను. ఎనభై ఆరేళ్లు ఆవిడకు. అమ్మాయి తన ఫోనులో రికార్డింగు పెట్టింది. ‘అమ్మా, శుక్రవారం పూట పాడతావే, ఆ మంగళహారతి ఓసారి పాడు’ అన్నాను. ‘ఏమే, పొద్దున్నే ఇదేం పిచ్చే నీకు? గొంతు బాగాలేదు’ అంది. బతిమాలాక పాడింది. మధ్యలో రెండుసార్లు దగ్గింది. వీధిలో పాలబ్బాయి బెల్లు మోగింది. ఓ చరణం మర్చిపోయి, ‘మీ నాన్నయితే అందించేవారు’ అంది.

దగ్గు తీసేసి బాగుచేస్తానన్నాడు అల్లుడు. వద్దన్నాను. అంతా అలాగే ఉండనిచ్చాం.