కళాశాలలోనూ గురువు కావాలి



ఉద్దానం గ్రామాలలో గృహదర్శనానికి వెళ్లినప్పుడు తల్లిదండ్రులు మమ్మల్ని ఎక్కువగా కోరేది ఒక్కటే: "అయ్యగారూ, మా బిడ్డ చదువు కొరకు ప్రార్థన చేయండి." కొబ్బరి తోటను, పలాస జీడి పరిశ్రమలోని కూలిని నమ్ముకొన్న ఇళ్లవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటలను నేలకూల్చినా, బిడ్డల చదువు మాన్పించని తల్లులను మేమెరుగుదుము.

అయితే బిడ్డను టెక్కలిలోనో, విశాఖపట్నంలోనో కళాశాలలో చేర్చగానే మన బాధ్యత తీరిందనుకొంటాము. ఊరి బడిలో మాస్టారికి ఆ బిడ్డ పేరు, తండ్రి పేరు, ఇంటి కష్టం అన్నీ తెలుసు. కళాశాలలో అతడు హాజరు పట్టీలో ఒక నంబరు. ఇంగ్లీషు పాఠం అర్థం కాకపోతే అడగడానికి భయం. మా సంఘ యౌవనస్థుడొకడు రెండవ సంవత్సరంలోనే ఇంటికి వచ్చేశాడు. "తప్పిన పేపరు గురించి ఎవరిని అడగాలో తెలియలేదండి" అన్నాడు. అతనిని పేరు పెట్టి పిలిచిన అధ్యాపకుడు ఒక్కరూ లేరట. ఇప్పుడు జీడి పిక్కల బస్తాలు మోస్తున్నాడు. అది నీచమైన పని కాదు. కాని అతడు కోరుకొన్నది అది కాదు.

మన పొరుగున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు 1911 వరకు ఉపాధ్యాయులు. కొండల్లోని సవరల భాషను వారి దగ్గరే నేర్చుకొని, వారి బిడ్డల కొరకు ఆ భాషలోనే పుస్తకాలు వ్రాశారు. నేర్పవలసినవారు ముందుగా తాము నేర్చుకొన్నారు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎం.ఏ. పట్టా కొరకు వేదాంతంలోని నీతిని సమర్థిస్తూ ఒక వ్యాసం వ్రాశారు. అది 1908లో అచ్చయింది. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు అది జవాబు. తన ఆచార్యుడు, మిషనరీ అయిన ఎ.జి. హాగ్ నొచ్చుకొంటారేమోనని ఆ విద్యార్థి భయపడ్డాడు. హాగ్‌గారు నొచ్చుకోలేదు సరికదా, మెచ్చుకొని యోగ్యతాపత్రం ఇచ్చారు. ఆ శిష్యుడే పిమ్మట గురువై, 1921లో మైసూరు విడిచి వెళ్తుంటే విద్యార్థులు ఆయన బండిని తామే రైలు స్టేషను వరకు లాగారు. పొందిన ఆదరణ అలాగే ముందుకు సాగుతుంది.

పౌలు కూడా గమలీయేలు పాదాల యొద్ద పెరిగినవాడే. తన మార్గం వేరైన తరువాత సైతం ఆ గురువు పేరు జనుల ఎదుట చెప్పుకొన్నాడు.

ఈ బంధం ఒక ప్రక్క నుండి కట్టబడదు. తండ్రులారా, ఏడాదికి ఒక్కసారైనా కళాశాలకు వెళ్లి అధ్యాపకులను కలవండి; మాకు చదువు రాదని సిగ్గుపడకండి. బిడ్డలారా, తెలియనిది అడగండి. గురువు కసిరినా మరల అడగండి. మన సంఘాలలోని అధ్యాపకులారా, రేపు మీ తరగతిలో కడపటి బల్ల మీద కూర్చున్నవాని పేరు, వాని ఊరి పేరు అడిగి తెలుసుకోండి. ఆ ఒక్క మాట కొరకే వాడు ఎదురుచూస్తూ ఉండవచ్చు.