తుప్పు పట్టిన బోల్టు దగ్గర తొందర వద్దు

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పాత కార్ల లోయర్ ఆర్మ్ బోల్టులు ఊడదీయడం చూసినప్పుడల్లా ఈ మాట చెప్పాలనిపిస్తుంది. నట్టు వచ్చేస్తుంది, బోల్టు మాత్రం కదలదు. తుప్పు పట్టింది మరల దగ్గర కాదు, బుష్ లోపలి ఉక్కు గొట్టంలో. ఇనుము తుప్పుగా మారితే ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఉన్న కాస్త సందూ పూడిపోతుంది. అప్పుడు పానాకి పొడుగాటి పైపు తొడిగి లాగితే బోల్టు తిరిగినట్టే అనిపిస్తుంది. నిజానికి గొట్టం కూడా దాంతో తిరిగి బుష్‌లోని రబ్బరు మెలిపడుతుంది.

దయచేసి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. పొద్దున ఆరు మూలల సాకెట్‌తో ముందు కాస్త బిగించి, తర్వాత వదులు చేయండి, మళ్లీ బిగించండి. వేడి చేస్తే పట్టు వదులుతుంది, నిజమే. కానీ పక్కనే రబ్బరు, బ్రేక్ హోస్, రాత్రి కొట్టిన నూనె ఉన్నాయి! ఎంతకీ రాకపోతే రెండు వైపులా కోసేసి బోల్టూ బుష్షూ కొత్తవి వేయడమే మేలు. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కింద దూరి ఇంత బలం పెట్టి లాగొద్దు, స్టాండ్లు తప్పనిసరి.

కొత్త బోల్టు కాడకు పల్చగా గ్రీజు రాయండి, మరలకు వద్దు. ఆఖరి బిగింపు కారు బరువు చక్రాల మీద పడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది.