నాగావళికి ఎదురీత

నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా మన్యంలోకి దిగి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. పొడవు 256 కిలోమీటర్లు. కరవులో జనం మొర విని బలరాముడు నాగలితో గీసిన చాలే ఈ నది అని స్థలపురాణం. లాంగలం అంటే నాగలి; నదికి లాంగుల్య అన్న మరో పేరు అలా వచ్చిందే. ఆయన ప్రతిష్ఠలుగా చెప్పే అయిదు శివాలయాలు దీని ఒడ్డున ఉన్నాయి. భక్తులు పైనుంచి కిందికి లెక్కపెట్టుకోవచ్చు. వలస చేపకు మాత్రం మొదటి గుడి సముద్రం పక్కదే.

అది కళ్లేపల్లి మణినాగేశ్వరాలయం. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఈ మొగ దగ్గరే ఎగువకు పోయే ఏ వలసైనా మొదలవ్వాలి. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి ఏరెక్కే చేపల్లో లోకప్రసిద్ధి సాల్మన్‌ది. మన బజారులో ఇండియన్ సాల్మన్ అని పిలిచే మాగకు దానితో ఏ చుట్టరికమూ లేదు. అసలు సాటి విలస, అంటే గోదావరి ఎక్కాక పులస అయ్యే చేప. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది; విలస తిరిగి కడలికి పోతుంది. మలుగుపాముది తలకిందుల దారి: ఏళ్ల తరబడి ఏట్లో పెరిగి, గుడ్లకు నడిసముద్రం చేరుతుంది. నీలకంఠ రొయ్య కాపురం మంచినీటిలోనే, కానీ దాని పిల్లలకు ఉప్పు కలిసిన నీరు కావాలి. కాస్త ఎదిగాక అవి మళ్లీ పైకి పాకుతాయి.

శ్రీకాకుళంలో ఉమారుద్ర కోటేశ్వరుణ్ణి దాటి సంతకవిటి మండలంలోకి వస్తే నారాయణపురం ఆనకట్ట. రొయ్య తడి రాళ్లు పట్టుకుని పాకగలదు. విలస సాల్మన్‌లా గెంతలేదు. గోడ ఎత్తు తక్కువైనా దానికి దారి మూసుకున్నట్టే.

సంగాంలో సంగమేశ్వరుడి చెంత సువర్ణముఖి, వేగావతి వచ్చి కలుస్తాయి. సువర్ణముఖిపై మడ్డువలస జలాశయం ఉంది. ఊరి పేరులో వలస ఉన్నా చేపల వలసకు అక్కడ తావు లేదు. ప్రధాన నదిపై ఇంకా ఎగువన తోటపల్లి: 1908 నాటి పాత రెగ్యులేటర్, 2015లో ప్రారంభమైన కొత్త బ్యారేజీ. వేల ఎకరాల వరికి నీళ్లిచ్చే కట్టడాన్ని తప్పుపట్టలేం. అయితే 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక గంగ ఎగువన విలస ఎంతగా తగ్గిపోయిందో తెలిసిందే.

గుంప సోమేశ్వరుడి దగ్గర జంఝావతి కలుస్తుంది. ఆ ఏటిపై 2006లో ప్రారంభించిన రబ్బరు డ్యామ్ ఉంది. ఉబ్బిస్తే లేస్తుంది, ఖాళీ చేస్తే పడుకుంటుంది. చేప కంటితో చూస్తే కాంక్రీటు కంటే ఇదే నయం. అయిదో గుడి రాయగడ దగ్గర పాయకపాడు పాతాళేశ్వరాలయం.

అమెరికాలో ఎల్వా నదిపై రెండు ఆనకట్టలను 2011, 2014 మధ్య కూల్చేశారు. సాల్మన్ ఎగువకు తిరిగొచ్చింది. నాగావళిపై కూల్చివేత మాట ఎవరూ ఎత్తరు, ఎత్తనక్కరలేదు. కానీ ఉన్న రక్షణ కూడా ఏరెక్కే చేపకు అందడం లేదు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, అదీ సముద్రంలోనే. ఏరెక్కే చేపకు కావలసిన వరద ఆ గడువు దాటాకే వస్తుంది.