దాచిపెడితే తగ్గే జబ్బు కాదు

సైనిక్‌పురిలో మా ఇంటికి చుట్టాలొస్తే, ఒకప్పుడు మా తమ్ముణ్ణి వెనక గదిలో కూర్చోబెట్టేవాళ్ళం. వాడికి స్కిజోఫ్రీనియా. పదిమందికీ మందులు రాసే నేనే "వాడికి జ్వరం" అని అబద్ధమాడేవాణ్ణి. నిద్రలేక, చెప్పుకునే దిక్కులేక మా అమ్మ సగమైపోయింది.

చివరికి ఎర్రగడ్డ ఆస్పత్రిలో ఓ.పి. వరుసలో నిలబడ్డాను. "మీకేమవుతారండీ?" అన్నాడు పక్కనున్న పెద్దాయన. "తమ్ముడు" అన్నాను. "నాకు కూతురు" అన్నాడాయన. ఆ ఒక్క మాటతో నా మనసు తేలికపడింది.

మీ ఇంట్లోనూ ఇదే బాధ ఉంటే సిగ్గుపడకండి. రోగి రానంటే మీరే 14416కు ఫోను చెయ్యండి. 2022లో మొదలైన ఈ 'టెలి మానస్' ఉచితం. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. బేగంపేటలో 'రోష్ని' వారు ఓపిగ్గా మీ గోడు వింటారు. 2016 నాటి చట్టం ప్రకారం మానసిక వ్యాధి కూడా వైకల్యాల్లో ఒకటి. 40 శాతం, ఆపైన ఉన్నట్లు సర్టిఫికెట్టు ఉంటే ప్రభుత్వ సదుపాయాలకు అడగవచ్చు.

రెండు మాటలు మరవకండి. కాస్త నెమ్మదించిందని డాక్టరు చెప్పకుండా మందులు మానిపించవద్దు. రోగిని కనిపెట్టుకుని ఉండే మనిషికి వారంలో ఒక పూటైనా విశ్రాంతి ఇవ్వండి.

మొన్న సంక్రాంతికి మా ఇంటికి చుట్టాలొచ్చారు. అందరికీ కాఫీలు అందించింది మా తమ్ముడే.