ఇంటిపన్ను

మా మాలపల్లె ఊరి చివర ఉండేది. ఊరు మున్సిపాలిటీ అయ్యాక మా పక్కనుంచే పెద్దరోడ్డు పోయింది.

మొదట్లో ఇంటిపన్ను అద్దె విలువ మీద వేసేవాళ్లు. మాలపల్లెలో అద్దెకు దిగే పైకులపోడెవడు? అద్దె పలకదు, పన్నూ తక్కువే.

2020లో చట్టం సవరించారు. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో స్థలం, కట్టడం విలువను బట్టి పన్ను. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతదారులే ఉంటే ఏడాదికి 50 రూపాయలన్నారు. తమ్ముడి పెళ్లికని ఓ గది వేశాం, ఆ లెక్క దాటిపోయాం. ఏటా 15 శాతానికి మించి పెంచమన్నారు. అలా పెంచుకుంటూ పోతే అయిదేళ్లకు రెట్టింపు. అమ్మ కూలి అట్లా పెరిగిందా?

రోడ్డు పక్క స్థలమని విలువ కట్టారు. అమ్మితేగదా ఆ విలువ చేతికొచ్చేది! అమ్మి ఎక్కడికి పోవాలి? అదే టౌన్లో అద్దె ఇల్లు అడిగితే "మీరేమిట్లు?" అంటారు. మా స్థలానికి అంటు పోయింది, మాకు పోలేదు.

పన్ను ఎగ్గొట్టే రకం కాదు మేం. పట్టా లేని మాకు ఆ రసీదులే ఆధారం. అమ్మ ఒక్కటీ పారెయ్యకుండా ట్రంకుపెట్టెలో దాచింది. స్థలం రేటుతో పాటు ఆ ఇంట్లోవాళ్ల సంపాదన కూడా చూసి పన్ను వెయ్యమంటున్నాం. అంతే.