బొమ్మకు నిలుచుటయు పనియే



తొలకరి చినుకు పడినతోడనే మా జొన్నగిరి పొలములకు ఎక్కడెక్కడి వారో వత్తురు. పొరుగు జిల్లాలనుండియు, కర్ణాటకమునుండియు సద్దిమూటలు కట్టుకొని వచ్చి, వంచిన నడుము ఎత్తకుండ మట్టిలో వజ్రములను వెదకుదురు. రాయి దొరకినవాడు వ్యాపారికి చూపును. వ్యాపారి వెల చెప్పును. ఆ వెల న్యాయమైనదా కాదా యనునది వేఱు మాట. రాతి విలువ తెలియనివాడు తక్కువకే అమ్ముకొని పోవుచుండును. కాని, "నా రాయి చూడుము" అని వ్యాపారికే ఎదురు రొక్కమిచ్చినవానిని మా యూర నేనెన్నడును చూడలేదు.

ఈ సంగతి యేల యెత్తితిననగా, నిరుడు ఆషాఢమున మా వీధిలోని యొక యిల్లాలు తన చెవి కమ్మలను కొంగున ముడివైచికొని నాయొద్దకు వచ్చెను. ఆమె కూతురికి పదునారేండ్లు. మా యింటివారియొద్ద పదవ తరగతివఱకు చదివి, ఇప్పుడు ఆదోనిలో ఇంటరు మొదటి సంవత్సరము చదువుచున్నది. సన్నని పిల్ల, చామనచాయ, నవ్విన ముఖము. జాతరనాడు తీయించుకొన్న ఛాయాపటము నొకదానిని ఇన్‌స్టాగ్రాములో నుంచగా, ఎవరో హైదరాబాదునుండి వ్రాసిరట. నీ ముఖము మోడలింగునకు తగినది, నమోదు రుసుమునకును ఫొటోల ఆల్బమునకును ముప్పదియైదు వేల రూపాయలు పంపినచో మూడు నెలలలో ప్రకటనలలో అవకాశ మిప్పింతుము అని.

"కమ్మలు కుదువ పెట్టేదా, వద్దా వదినా? సారును అడిగితే కోప్పడతాడని నీ దగ్గరికొచ్చినా" అని ఆమె యడిగెను. పిల్ల తలుపుచాటున నిలిచియుండెను. దాని కన్నులు చూచినపిదప, వలదని యొక్కమాట చెప్పి పంపివేయుటకు నాకు మనసు రాలేదు.

మోడలింగును గూర్చి మన యిండ్లలో రెండే తలంపులు గలవు. కొందఱికది చెడుదారి, కొందఱికి ఆకాశమునుండి రాలిపడు అదృష్టము. నాకు మాత్రము అది పనిగా తోచును. చీర నేయుట ఒక పని. నేసిన చీరను కట్టి, దాని అంచును కుచ్చెళ్లను కొనువారికి తెలియునట్లు నిలుచుట మఱియొక పని. మా ప్రాంతపు ఎమ్మిగనూరున 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. 1954లో ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించిరి. సహకార సంఘమనగా నేమి? నూలు ధర యెంత, కూలి యెంత, అమ్మకమువలన వచ్చిన దెంత యను లెక్క నేతగానికి తెలియవలెననుటయే గదా. ఆ చీరను కట్టి చూపు పిల్లకు మాత్రము ఆ లెక్క యేల తెలియరాదు?

నేను బడికి పోలేదు. మా నాయనగారు ఇంటనే భారతము చెప్పించిరి. అందు విరాటపర్వము తలంపునకు వచ్చినపుడెల్ల, ద్రౌపది మొదట చేసిన పని నాకు ఆశ్చర్యముగా నుండును. ఆమె సైరంధ్రియై, తలదువ్వుట, మాలలు కట్టుట, గంధము తీయుట తనకు వచ్చునని సుదేష్ణకు చెప్పెను. చెప్పి ఊరకుండలేదు. ఎంగిలి ముట్టననియు, ఒరుల పాదము లొత్తననియు కొలువున చేరకమునుపే చెప్పుకొనెను. రాణియెదుట నిలిచిన దిక్కులేని ఆడది నియమములు పెట్టినది! పిదప ఆపద యెట్లు వచ్చెను? ఆమె నియమములవలన రాలేదు. ఆమె యందమువలన వచ్చినదనుటయు సరికాదు. తమ్ముని బుద్ధి యెఱిగియు, పాత్ర చేతికిచ్చి, మధువు తెమ్మని ఒంటరిగా వానియింటికి పంపిన యజమానురాలివలన వచ్చినది. పని యిచ్చిన చేయియే అపాయములోనికి త్రోసెను. ఆడపిల్లను పనికి పంపు తల్లులు ఈ ఘట్టమును పురాణముగా విని విడువరాదు.

ఆ సాయంకాలము పిల్లచేతనే హైదరాబాదు వారికి ఫోను చేయించితిని. నేను వ్రాసియిచ్చిన ప్రశ్నలు నాలుగే. ప్రకటన ఏ వస్తువునకు? రోజునకు కూలి యెంత? ఆ బొమ్మలను ఎక్కడెక్కడ, ఎన్నాళ్లు వాడుదురు? తల్లి ప్రక్కన కూర్చుండవచ్చునా? మొదటి మూటికిని, ముందు రుసుము కట్టుడు, పిదప తెలుపుదుమని యొకటే జవాబు. నాలుగవదానికి ఫోనులోని మనుష్యుడు నవ్వి, మోడలు కాదలచినది తల్లికొంగు విడువవలెనన్నాడు. అంతవఱకు పలుకక కూర్చున్న తల్లి లేచి, పిల్లచేతిలోని ఫోను తీసికొని కట్టివేసెను.

వారు అంతకుమునుపే యొక ఒప్పందపత్రము పంపియుండిరి. పదునొకండు పుటలు, అంతయు ఇంగ్లీషు. మా యూరి చెంతనే ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు గలవు. అందొక శాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. అట్టిదానిని చదివిన పండితులుండిరి గాని, ఈ పత్రము మా యింటివారికే రెండు రాత్రులు పట్టినది. అందు తేలిన దేమన, కట్టిన రుసుము తిరిగి ఈయరు; తీసిన బొమ్మలు ఎల్లకాలము వారివే; కూలి యెంతయో యొక్క చోటనైనను లేదు.

నిజముగా పని చూపు ఏజెన్సీలును గలవు. అవి మోడలునకు వచ్చిన కూలిలో భాగము తీసికొనును. పని రాకమునుపే చేయి చాచినచో ఆ వ్యాపారము వేఱు. ఇట్టివారికి సొమ్ము పంపి మోసపోయినయెడల వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. సైబరు మోసములకు ప్రభుత్వము పెట్టిన సంఖ్య అది. పిల్లలను బెదరించినను, చెడ్డ పటములడిగినను 1098 గలదు. సిగ్గుపడి దాచుకొన్నకొలది వారికే మేలు.

చట్టమును గూర్చియు కొంత చెప్పవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారు చేసికొన్న ఒప్పందము మన దేశమున చెల్లదు. ఇది పిల్లలకు రక్షణయే యని తోచును గాని, దీనికి రెండవ వైపు గలదు. రాజ్ రాణి అను మైనరు బాలనటి పక్షమున తండ్రి, ప్రేమ్ అదీబ్ అను చిత్రనిర్మాతతో ఒప్పందము చేసికొనెను. వేషము మఱియొకరికి పోగా, నష్టపరిహారమునకై వేసిన వ్యాజ్యము బొంబాయి హైకోర్టున నిలువలేదు. ఆ ఒప్పందమే చెల్లదనిరి. అనగా కాగితము పిల్లను కట్టివేయజాలదు, పిల్లకు రావలసినది రాబట్టి యీయను జాలదు. కాబట్టి పదునారేండ్ల పిల్లకు ఏనాటి కూలి ఆనాడే చేతికి రావలెను. పదునాలుగేండ్లలోపు పిల్లలను ప్రకటనలలో చూపుటకు 2017 నాటి నియమములు వేఱుగా గలవు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావలెను. రోజునకు అయిదు గంటలకు మించరాదు. విరామము లేక మూడు గంటలకు మించరాదు. వచ్చిన దానిలో నూటికి ఇరువదియైనను పిల్ల పేర బ్యాంకున డిపాజిటు చేయవలెను. పసిపిల్లలచేత సబ్బుల ప్రకటనలు చేయింపగోరు తల్లులు ఈ లెక్కలు మఱువకుందురు గాక.

ఇక మొదలు పెట్టుట యెట్లని పిల్ల యడిగెను. ముప్పదియైదు వేల ఆల్బము అక్కఱలేదు. మా మిద్దెమీద, ఉదయపు నీడలో, సున్నము వేసిన గోడయెదుట నిలువబెట్టి మా యింటివారి ఫోనుతోనే తీసితిమి. జడ వెనుకకు, ముఖమునకు రంగు లేదు, సాదా చుడీదారు. ఎదురుగా నొకటి, రెండు ప్రక్కలకు రెండు, నిలువునా నొకటి, నవ్వుచు నొకటి. పని యిచ్చువారు మొదట చూడగోరునది ఉన్న ముఖమును గాని, అలంకరించిన ముఖమును గాదు. ప్రక్కన ఎత్తు వ్రాసితిమి: అయిదడుగుల నాలుగంగుళములు. వేదికపై నడచు పనికి ఇంతకంటె పొడవైనవారిని కోరుదురని దాచక చెప్పితిని. చీరల కేటలాగులకు, నగల ప్రకటనలకు అంత పట్టింపు లేదు.

"నేను నల్లగుంటా గదా అత్తా, తీసుకుంటారా?" అని యడిగినది. ఈ ప్రశ్న నాకు ముప్పదియైదు వేలకంటె బరువుగా తోచినది. ముఖము తెలుపగుననుచు దశాబ్దములుగా అమ్మిన ఫెయిర్ అండ్ లవ్లీ సంస్థవారు 2020లో ఆ 'ఫెయిర్' అను మాటను పేరునుండి తీసివేసిరి. పేరు మారినంతలో చూచువారి కన్ను మారునా? కొన్ని చోట్ల దీనిని వలదందురు, అదియు చెప్పితిని. కాని ఫొటోలో రంగు మార్చి పంపుటకు నేను ఒప్పుకొనలేదు. ఎమ్మిగనూరు చీరలు కొనువారిలో చామనచాయవారే యెక్కువ. ఆ చీర తమ మేనికి నప్పునో లేదో వారికి ఈ పిల్లను చూచినగదా తెలియును.

చదువు మానివేయుదునని అది యన్నపుడు మాత్రము కొంచెము కటువుగానే మాటాడితిని. సమంత చెన్నపట్టణమున డిగ్రీ చదువుచునే మోడలింగు చేసెను. 2020వ సంవత్సరపు మిస్ ఇండియా కిరీటమును 2021 ఫిబ్రవరిలో పొందిన మానస వారణాసి హైదరాబాదున ఇంజనీరింగు ముగించి ఉద్యోగము చేయుచుండిన పిల్ల. ఆ పోటీకి పదునెనిమిదేండ్లు నిండనిదే రానీయరు. కాగా రెండేండ్లు ఎటులైనను ఆగవలసినదే.

ఆ అయిదు ఫొటోలను ఎమ్మిగనూరున నొక చీరల వ్యాపారికి పంపితిమి. ఆయన ఫోనులలో చీరల బొమ్మలు చూపి అమ్ముకొనుచుండును. కార్తికమున రెండు దినములకు పిలిచెను, దినమునకు తొమ్మిదివందలు. తల్లి వెంట పోయినది. చీర మార్చుకొను గదికి గడియ లేదని చూచి, తానే తలుపునకు వీపు ఆనించి నిలిచినదట. పని ముగిసినపిదప వ్యాపారిని, "ఈ బొమ్మలు ఎన్నాళ్లు వాడుకుంటావు నాయనా?" అని యడిగినది. ఆయన ఆలోచించి, ఒక సంవత్సరము, తన చీరలకే అని రసీదు వెనుక వ్రాసియిచ్చెను. నేను వ్రాసియిచ్చిన ప్రశ్నలలో అంత చక్కనిది లేదు. ఆ సొమ్ము పిల్ల పేర బ్యాంకున వేసిరి. పదేండ్లు దాటినవారు తమ ఖాతా తామే నడుపుకొనవచ్చునని రిజర్వుబ్యాంకు నియమము గలదు.

తండ్రి ఇంకను ఆ బొమ్మలు చూడలేదు. చూడననియే యనుచున్నాడు. నేను వాదింపలేదు, ఆయన భయము అకారణమైనది కాదు.

రెండవ పిలుపు ఇంటరు పరీక్షల వారమున వచ్చినది. పిల్ల తానే, పరీక్షలైనపిదప రాగలనని వ్రాసినది. వ్యాపారి మఱియొక పిల్లను పిలిచికొనెను. ఆ రాత్రి అది అన్నము ముట్టలేదని తల్లి చెప్పినది. ఏప్రిలులో మరల వ్రాయించితిని. ప్రత్యుత్తరము కొఱకు చూచుచున్నాము.