దాస్తే ఊపిరాడదు

మా ఇంట్లో ఒకే జబ్బుకు మూడు పేర్లు. డాక్టర్ చీటీ మీద అది ఆస్తమా. మా అత్తయ్య చుట్టాలతో ఫోన్లో మాట్లాడేటప్పుడు 'చలికాలం కదా, పిల్లకు కాస్త రొంప'. పదిహేడేళ్ల మా అమ్మాయికైతే 'అది'. ఉబ్బసం అనే అసలు మాట ఎవరి నోటా వచ్చేది కాదు. పెళ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ మాటకు చోటు లేదని అత్తయ్య తీర్మానం.

సంగతి బయటపడింది ఇంటర్ రెండో ఏడాది నవంబరులో. మూడు వారాలైనా వదలని పొడిదగ్గు, తెల్లవారుజామున మూడింటికి లేచి మంచం మీద కూర్చోవడం, ఛాతీలో పిల్లికూతలు. ఊపిరితిత్తుల నిపుణుడు స్పైరోమెట్రీ చేయించారు. గొట్టంలోకి శక్తికొద్దీ ఊదాలి. మందు పీల్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదాలి. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి రెండోసారి 12 శాతానికి, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగిందంటే బిగుసుకున్న శ్వాసనాళాలు మందుకు తెరుచుకుంటున్నట్టు. మా అమ్మాయికి 19 శాతం పెరిగింది.

తర్వాత డాక్టర్ నన్ను పది నిమిషాలు బయట కూర్చోమన్నారు. పిల్లకు ఒంట్లో బాగా లేకపోతే తల్లి చెబుతుంది, డాక్టర్ వింటాడు, పిల్ల గోడ మీద క్యాలెండర్ చూస్తుంది. మనకు అలవాటైన పద్ధతి ఇది. ఈయన దాన్ని తిరగేశారు. లోపల తను ఏం చెప్పిందో తర్వాత అమ్మాయే నాకు చెప్పింది. కాలేజీలో మూడో అంతస్తుకు మెట్లెక్కాల్సి వచ్చినప్పుడు చెప్పు పట్టీ ఊడినట్టు వంగి, స్నేహితురాళ్లను ముందు పంపేసేదట. నవ్వితే దగ్గు తెర వస్తుందని, బాగా నవ్వించే పిల్ల పక్కన కూర్చోవడం మానేసిందట. ఏడాది నుంచీ ఇదే తంతు. ఆ వయసులో ఆయాసం కన్నా ఆయాసపడుతూ కనబడటమే పెద్ద కష్టం.

ఆస్తమాలో శ్వాసనాళాల లోపలి పొర ఎప్పుడూ ఎంతో కొంత వాచి ఉంటుంది. దుమ్ము, చలిగాలి, దీపావళి పొగ, వానలు పడ్డాక ఖాళీ ప్లాట్ల నిండా పూసే వయ్యారిభామ పుప్పొడి, ఏది తగిలినా నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. చాలామంది జేబుల్లో కనిపించే నీలిరంగు సాల్బ్యుటమాల్ ఆ బిగింపును సడలిస్తుంది కానీ వాపు జోలికి పోదు. అందుకే 12 ఏళ్లు దాటినవారికి ఆ మందొక్కటే ఇచ్చి సరిపెట్టడం ఇక వద్దని 2019లో జినా అనే అంతర్జాతీయ సంస్థ తన మార్గదర్శకాలు మార్చింది. మా అమ్మాయికి బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్ రాశారు. పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు. మధ్యలో ఆయాసం వస్తే అప్పటికప్పుడు కూడా అదే. పీల్చాక నోరు పుక్కిలించాలి.

ఇన్‌హేలర్ అనగానే ఇంట్లో అందరూ అడిగింది ఒకటే, అలవాటైపోదా అని. మందులషాపులో పక్కన నిలబడ్డ పెద్దాయన కూడా అదే అడిగాడు. మాత్రయితే ఎవరూ ఇలా అడగరు. నిజానికి సాల్బ్యుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందుంటే ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే 40వ వంతు. మాత్ర ఒళ్లంతా తిరిగి ఛాతీకి చేరుతుంది, పఫ్ నేరుగా వెళుతుంది. నాకైతే ఈ యంత్రం పుట్టుక కథే ఎక్కువ నచ్చింది. 1955లో అమెరికాలో రైకర్ లేబొరేటరీస్ అధ్యక్షుడు జార్జ్ మేసన్‌ను ఆస్తమా ఉన్న ఆయన పదమూడేళ్ల కూతురు అడిగిందట, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలా నా మందు ఎందుకు రాదని. మరుసటి ఏడాదే నొక్కితే కొలిచినట్టు మందు వచ్చే ఇన్‌హేలర్ బజారులోకి వచ్చింది. ఈ కథ చెబితే మా అమ్మాయి అంది, "చూశావా, వాళ్ల నాన్న కూతురి మాట విన్నాడు."

అత్తయ్య భయం వేరు. ఆవిడ తండ్రికి ఉబ్బసం. చలికాలం రాత్రుళ్లు నులకమంచం మీద దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి తెల్లార్లూ కూర్చునేవాడు. ఎండబెట్టిన ఉమ్మెత్త ఆకులు కాల్చి ఆ పొగ పీల్పించేవారు. అది ఉత్త నాటువైద్యమేమీ కాదు, ఒకప్పుడు ఐరోపాలోనూ మందులషాపుల్లో ఉమ్మెత్త సిగరెట్లు అమ్మేవారు. ఆయన నలభై రెండేళ్లకే పోయాడు. ఆ తర్వాత ఇద్దరు చెల్లెళ్లకు సంబంధాలు తప్పిపోయాయి, 'వాళ్ల వంశంలో ఉంది' అన్న ఒక్క మాటతో. ఇవన్నీ చూసినావిడ మనవరాలి జబ్బుకు రొంప అని పేరు పెట్టుకుందంటే నేను తప్పు పట్టలేను. ఒప్పుకోనూ లేను.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వేసే చేప ప్రసాదం మాట కూడా అత్తయ్యే తెచ్చారు. పసుపురంగు ముద్ద నోట్లో పెట్టిన చిన్న కొర్రమీను పిల్లను బతికుండగానే మింగించడం 1845 నుంచీ వస్తోందని ఆ కుటుంబం చెబుతుంది. అది ఆస్తమాను తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. నేనూ మావారూ ఏమనాలో తేల్చుకునేలోగా అమ్మాయే మాట్లాడింది. "నానమ్మా, నీ కోసం చేపను మింగమంటే మింగుతా. పఫ్ మాత్రం ఒక్కపూట కూడా మానను. ఒప్పుకుంటావా?" బతికున్న చేప గొంతులో ఆడుతుందన్న ఊహకే అత్తయ్య వెనక్కి తగ్గారు.

నా వరకు నాకు కష్టమైంది మందు వేయించడం కాదు, అడగడం. పూటకోసారి 'పీల్చావా' అని అడిగితే పిల్ల దృష్టిలో మందు అమ్మ వస్తువైపోతుంది. అడగకపోతే నాకు నిద్ర పట్టదు. చివరికి ఇన్‌హేలర్‌ను బాత్రూములో పళ్ల బ్రష్ పక్కన పెట్టాం. పుక్కిలించడం ఎలాగూ ఉంది. అప్పట్నుంచి నా గస్తీ సగం తగ్గింది.

ఆ మార్చిలో ఇంటర్ పరీక్షలు. హాలు గుమ్మం దగ్గర తనిఖీ చేసేవారు ఇన్‌హేలర్‌ను పట్టుకుని, ఇదేంటి సెంటు సీసానా, బయట బ్యాగులో పెట్టి రమ్మన్నారట. వెనక వరుసలో కాలేజీ పిల్లలంతా ఉన్నారు. "ఉబ్బసం మందు సార్, నా దగ్గరే ఉండాలి," అందట మా అమ్మాయి. మా ఇంట్లో ఎవరూ పలకని మాట! ఆయన ఓ క్షణం చూసి బల్ల మీద పెట్టుకోనిచ్చారు. సాయంత్రం ఈ ముచ్చట చెబుతున్నప్పుడు ఫిజిక్స్ పేపరు ఎలా రాసిందో అడగడమే మర్చిపోయాం. అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్లి, కాసేపటికి పాలు వేడిచేసి తెచ్చిచ్చారు.

వరంగల్‌లో ఇంజనీరింగ్ సీటొచ్చింది. హాస్టల్. వార్డెన్‌తో నేను మాట్లాడతానన్నాను. వద్దంది. గదిలో ఇద్దరికైనా చెప్పకపోతే పంపేది లేదన్నాను. ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడదలచుకోలేదు. 2014లో బ్రిటన్ జాతీయ స్థాయిలో 195 ఆస్తమా మరణాలను పరిశీలిస్తే 45 శాతం మంది వైద్యసాయం కోరకుండానో, అది అందేలోపో చనిపోయారని తేలింది. మన దేశం సంగతి ఇంకా ఘోరం. 2019 అంచనాల ప్రకారం ప్రపంచ ఆస్తమా రోగుల్లో మనవారు దాదాపు ఎనిమిదో వంతు, మరణాల్లో మాత్రం 40 శాతానికి పైనే. మందులు ఇక్కడే తయారవుతున్నాయి, ఎన్నో దేశాలకు ఎగుమతి కూడా అవుతున్నాయి. అయినా ఇన్‌హేలర్ చున్నీ చాటునే ఉంటోంది.

రెండు రోజులు అలిగి, మూడో రోజు తనే ఓ కాగితం రాసింది. 'నాకు ఆయాసం వస్తే పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి. చుట్టూ మూగకండి. ఇన్‌హేలర్ నల్ల బ్యాగు ముందు జిప్పులో ఉంటుంది. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే 108కి ఫోన్ చేయండి. తర్వాత మా అమ్మకు.' ఈ వరుస డాక్టర్ చెప్పిందే. అయినా 108 తర్వాత నా పేరు చూసి మనసు చివుక్కుమంది. హాస్టల్ గదిలో అల్మరా తలుపుకు లోపలివైపు ఆ కాగితం అంటించింది. రూమ్మేట్లలో ఒకమ్మాయి చదివి, మా తమ్ముడికీ ఉంది, ఎవరికీ చెప్పం అందట.

ఇన్‌హేలర్‌లో 120 పఫ్‌లు. రోజుకు నాలుగు చొప్పున 30 రోజులు. కొత్తది కొన్నప్పుడల్లా బిల్లు ఫొటో పంపడం మా ఒప్పందం. కిందటిసారి అది 34వ రోజున వచ్చింది. కనీసం 16 పఫ్‌లు తేడా. ఓ పూట ఆగి, లెక్క మాత్రం రాసి పంపాను, ప్రశ్న వేయలేదు. రాత్రి పదింటికి జవాబొచ్చింది: "మిడ్స్ వారంలో ఎగ్గొట్టానమ్మా. దసరాకి వచ్చినప్పుడు డాక్టర్‌కు నేనే చెప్తా. నువ్వు బయట కూర్చో."